మాటలు వచ్చాయా అన్నది రెండో ప్రశ్న

తెలుగు ఇళ్ళలో పసిబిడ్డకు వస పోయడం ఇంకా ఉంది. వసకొమ్మును అరగదీసి నాలుకకు రాస్తే మాటలు త్వరగా వస్తాయని, పలుకు స్పష్టంగా ఉంటుందని నమ్మకం. ఏడాది నిండిందంటే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్నా అదే: మాటలు వచ్చాయా? రాలేదంటే ఓదార్పు సిద్ధంగా ఉంటుంది. మగపిల్లలకు కాస్త ఆలస్యమే, వాళ్ళ నాన్నకూ నాలుగో ఏట గాని రాలేదు, మొదలుపెడితే ఆపలేరు చూడండి. చాలామంది పిల్లల విషయంలో ఈ ఓదార్పు నిజమే అవుతుంది. ఎదుటివారితో సంభాషించే తీరు, చుట్టూ ఉన్నవాటికి స్పందించే తీరు వేరుగా ఉండే ఆటిజం ఉన్న పిల్లల విషయంలో మాత్రం అది ఒకటి రెండేళ్ళ కాలాన్ని మింగేస్తుంది. ఎందుకంటే ఆటిజం మాటతో మొదలయ్యే విషయం కాదు, మాట రావడంతో ముగిసేదీ కాదు. గుర్తించడం దగ్గర నుంచి థెరపీ, బడి, ఉద్యోగం దాకా ఈ పిల్లల విషయంలో జరిగే పొరపాట్లలో చాలా వాటికి మూలం, మాటనే కొలబద్దగా పట్టుకోవడం.

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పనిచేస్తున్న వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన పత్రంతో ఆటిజానికి వైద్యంలో ప్రత్యేక స్థానం వచ్చింది. ఆ 11 మందిలో 8 మందికి మాటలు ఉన్నాయి. ముగ్గురికే లేవు. మాటలున్న ఆ 8 మందిలో కూడా భాష ఎదుటివారికి ఏదైనా తెలియజేయడానికి పనికిరావడం లేదని కానర్ గమనించాడు. పద్యాలు, ప్రార్థనలు, పేర్ల జాబితాలు అప్పజెప్పగలరు. దాహం వేస్తోందని చెప్పలేరు. అంటే మొదటి పత్రంలోనే విషయం తేలిపోయింది. ఎనభై ఏళ్ళు దాటినా ఇళ్ళలో అడిగే ప్రశ్న మారలేదు.

మాట కంటే ముందు ఏం రావాలి

9 నెలల నుంచి 14 నెలల మధ్య మామూలుగా పిల్లల్లో ఒక పెద్ద మార్పు వస్తుంది, చాలామంది దాన్ని గమనించరు కూడా. పిట్టగోడ మీద కాకి వాలితే బిడ్డ కాకిని చూసి, అమ్మ ముఖం చూసి, మళ్ళీ కాకిని చూస్తుంది. వేలెత్తి చూపిస్తుంది. కాకి కావాలని అడగడం లేదు. తను చూసినదాన్ని అమ్మ కూడా చూడాలని కోరుతోంది. భాష అంతా ఈ కోరిక మీదే నిలబడుతుంది. ఇద్దరూ ఒకే వస్తువును చూస్తున్న క్షణంలో అమ్మ 'కాకి' అంటే, ఆ శబ్దం దేనికి చెందినదో బిడ్డకు తెలుస్తుంది.

వేలు చూపడంలో రెండు రకాలున్నాయి. కావలసినదాన్ని అడగడానికి చూపించేది ఒకటి, చూసినదాన్ని పంచుకోవడానికి చూపించేది రెండోది. ఆటిజం ఉన్న పిల్లల్లో అడగడం ఏదో ఒక రూపంలో ఉంటుంది. చాలామంది పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకొని లాక్కెళ్ళి, ఆ చేతినే ఫ్రిజ్ తలుపు మీద పెడతారు. పంచుకోవడానికి చూపించడం మాత్రం ఆలస్యమవుతుంది, లేదా కనిపించదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, టాటా చెప్పకపోవడం, ఉత్తుత్తి వంటలు వండే ఆటలు ఆడకపోవడం, బొమ్మకారును నడపకుండా దాని చక్రాన్నే గంటసేపు తిప్పుతూ ఉండటం, వచ్చిన నాలుగు మాటలూ పోవడం కూడా ఇలాంటి గుర్తులే. వీటిలో ఏ ఒక్కటీ విడిగా ఆటిజం అని తేల్చదు. రెండు మూడు కలిసి కనిపిస్తే, లేదా వచ్చిన మాటలు పోతే, ఏ వయసులోనైనా ఆగకుండా చూపించాలి. ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. టీవీ శబ్దానికి పరుగెత్తుకొస్తున్నాడు కదా అని దాన్ని వదిలేయడం తగదు. కొన్ని స్థాయుల శబ్దాలు మాత్రమే వినపడని పిల్లలూ ఉంటారు.

తెలుగు మధ్యతరగతి ఇళ్ళలో ఈ గుర్తులను కప్పేసే విషయం మరొకటి ఉంది. రెండేళ్ళ పిల్లవాడు ఎ నుంచి జెడ్ దాకా అక్షరాలు గుర్తుపడతాడు, వంద దాకా అంకెలు చెబుతాడు, వెనక నుంచి కూడా చెబుతాడు, రంగుల పేర్లు అమెరికా యాసలో పలుకుతాడు. ఇంటిల్లిపాదీ మురిసిపోతుంది. అదే పిల్లవాడు 'అమ్మా' అని పిలవడు. చదువుకు అంత విలువ ఇచ్చే సమాజంలో మొదటిది గర్వకారణంగా కనిపిస్తుంది, రెండోది అల్పంగా కనిపిస్తుంది. అక్షరాల మీద ఆ ఆసక్తి నిజంగానే బలమైనది, తరువాత దాన్నే ఆసరాగా చేసుకొని ఎన్నో నేర్పవచ్చు. గుర్తించే దశలో మాత్రం అది అడ్డుతెర.

16 నుంచి 30 నెలల పిల్లలకు ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పరీక్ష ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 18, 24 నెలల వయసులో ప్రతి బిడ్డకూ ఇలాంటి పరీక్ష చేయాలంటుంది. భారతదేశంలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి, ఎదుగుదలలో తేడా కనిపించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. పిల్లలను ప్రైవేటు ప్లేస్కూళ్ళకు పంపే కుటుంబాలు ఈ వలయంలోకే రావు. చదువుకున్న నగర కుటుంబంలో ఆలస్యంగా బయటపడటానికి ఇదొక కారణం. రెండోది, మంచి డాక్టరు కూడా కొన్నిసార్లు అమ్మమ్మ చెప్పిన మాటే చెప్పడం: చూద్దాం, ఇంకో ఆరు నెలలు ఆగండి.

ఆగాల్సిన అవసరం లేదు. ఆటిజం అని నిర్ధారణ కాకపోయినా సరే, మాట ఆలస్యమైన బిడ్డతో చేయించే పని బిడ్డకు హాని చేయదు. అనవసరంగా మొదలుపెడితే పోయేది కొంత డబ్బు. అవసరమైనప్పుడు మొదలుపెట్టకపోతే పోయే కాలాన్ని తరువాత పూడ్చడం కష్టం.

ఎంతమందిలో ఉంది అన్న ప్రశ్నకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సుమారు 127 మందిలో ఒకరు అంటుంది. భారతదేశంలో ఐదు ప్రాంతాల్లో పిల్లలను ఇంటింటికీ వెళ్ళి పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు నూరుమందిలో ఒకరు తేలారు. ఆ ఐదు ప్రాంతాల్లో హైదరాబాద్ ఒకటి. అమెరికాలో 8 ఏళ్ళ పిల్లల్లో 31 మందిలో ఒకరని వచ్చిన లెక్క చూసి భయపడనక్కర లేదు. నిర్వచనం విస్తరించడం, వెతకడం పెరగడం, ఇదివరకు మందమతి అనో మొండివాడనో పక్కన పెట్టిన పిల్లలు ఇప్పుడు లెక్కలోకి రావడం ఆ పెరుగుదలలో పెద్ద భాగం.

నింద ఎవరి మీద

కానర్ తన పత్రంలో తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువగా కనిపించిందని కూడా రాశాడు. ఆ ఒక్క మాట పట్టుకొని తరువాతి రెండు దశాబ్దాల పాటు మనస్తత్వవేత్తలు తల్లులను దోషులను చేశారు. చల్లబడిన తల్లి వల్ల బిడ్డ తనలోకి ముడుచుకుపోయిందన్నది వారి సిద్ధాంతం. బ్రూనో బెటల్‌హైమ్ దాన్ని ఊరూరా ప్రచారం చేశాడు. 1964లో ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రి, మనస్తత్వశాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ ఆ వాదనను ముక్కముక్కలుగా ఖండించాడు. 1977లో బ్రిటన్‌లో 21 కవల జంటలను పరిశీలించినప్పుడు జన్యువుల పాత్ర బయటపడింది. ఇప్పుడు వారసత్వ ప్రభావం 80 శాతం దాకా ఉంటుందని పెద్ద అధ్యయనాలు లెక్కగడుతున్నాయి. ఒకే జన్యువు కాదు, వందల కొద్దీ. అందుకే రక్తపరీక్షతో తేల్చేది కాదు.

శాస్త్రం వదిలేసిన నిందను సమాజం వదల్లేదు. ఉద్యోగానికి వెళ్ళిన తల్లి, కడుపుతో ఉన్నప్పుడు దిగులుపడిన తల్లి, ఉమ్మడి కుటుంబాన్ని వదిలిన తల్లి, చివరికి ఫోను ఇచ్చిన తల్లి. ఈ ఆఖరిది కొత్తగా 'వర్చువల్ ఆటిజం' అనే పేరుతో వీడియోల్లో తిరుగుతోంది. వైద్య వర్గీకరణలో అలాంటి జబ్బు లేదు. గంటల తరబడి తెర చూస్తే మాటలు ఆలస్యమవుతాయి, నిద్ర చెడుతుంది, పెద్దవాళ్ళతో ఆడే సమయం పోతుంది. కాబట్టి రెండేళ్ళలోపు పిల్లలకు తెర తగ్గించడం మంచిదే. కానీ ఫోను తీసేసి మూడు నెలలు చూడండి అని చెప్పి పరీక్షలు వాయిదా వేయించే సలహా ప్రమాదకరం. పైగా కారణమూ ఫలితమూ ఇక్కడ తారుమారయ్యే అవకాశం ఉంది. మనుషుల ముఖాల కంటే తిరిగే వస్తువులు, మళ్ళీ మళ్ళీ ఒకేలా వచ్చే పాటలు ఇష్టపడే బిడ్డే తెరకు ఎక్కువగా అతుక్కుంటుంది.

టీకాల సంగతి ఇంతకంటే తేలికగా తేల్చవచ్చు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెడుతూ 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లలతో వచ్చిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పత్రాన్ని 2010లో పత్రికే ఉపసంహరించుకుంది, ఆయన వైద్య లైసెన్సు కూడా రద్దయింది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. మన దగ్గర తట్టు టీకా రెండో మోతాదు 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. వచ్చిన మాటలు పోవడం కొందరు పిల్లల్లో సరిగ్గా ఆ వయసులోనే జరుగుతుంది. రెండూ ఒకే నెలలో తారసపడితే తల్లిదండ్రులు ముడిపెట్టుకోవడం సహజం. ముడి మాత్రం లేదు.

ఇంట్లో జరిగే పని

ఆటిజం స్వల్పం నుంచి తీవ్రం దాకా ఒకే గీత మీద అమరి ఉండదు. 2013 నుంచి అమల్లో ఉన్న అమెరికా మనోవైద్య వర్గీకరణ రెండు విషయాలు చూస్తుంది. ఇతరులతో సంభాషణ, సంబంధం ఒకటి. మార్పును తట్టుకోలేకపోవడం, ఒకే పని పదే పదే చేయడం, శబ్దం, వెలుగు, స్పర్శలకు అతిగానో తక్కువగానో స్పందించడం కలిపి రెండోది. ధారాళంగా మాట్లాడే పిల్లవాడికి శబ్దం నరకం కావచ్చు. మాటే లేని పిల్ల పెళ్ళిమండపంలో హాయిగా తిరగవచ్చు. ఒకరికి సాయం ఎక్కడ కావాలన్నది వారి మాటల సంఖ్య చెప్పదు.

శబ్దం విషయం మన ఇళ్ళలో అసలు పట్టించుకోని సంగతి. కుక్కరు కూత, మిక్సీ, పక్కింటి బోరు మోటారు, దీపావళి టపాసులు, పెళ్ళిలో ముహూర్తానికి ఒక్కసారిగా మోగే భజంత్రీలు. ఇంకా తలనీలాలు తీయించడం, గోళ్ళు కత్తిరించడం, ముద్దు చేస్తూ బుగ్గలు గిల్లే చుట్టాలు. మూడు గంటలు వీటన్నిటినీ ఓర్చుకున్న బిడ్డ నాలుగో గంటలో నేల మీద పడి గుండెలవిసేలా ఏడుస్తుంది. చూసేవాళ్ళకు అది మారాం. మారాం చేసే బిడ్డ మధ్యమధ్యలో అమ్మ చూస్తోందా లేదా అని చూసుకుంటుంది, కోరింది ఇస్తే ఆపుతుంది. ఈ ఏడుపు ఏమిచ్చినా ఆగదు, ఎందుకంటే అడిగింది ఏమీ లేదు. అప్పుడు దెబ్బలు వేసినా, బుజ్జగింపుల వర్షం కురిపించినా శబ్దానికి శబ్దం తోడవుతుంది. గుంపులోంచి బయటికి తీసుకెళ్ళి, మాటలు తగ్గించి, పక్కన కూర్చోవడమే చేయగలిగింది. తరువాతి పెళ్ళికి ముందే ఆలోచించుకోవచ్చు: భజంత్రీలు మోగే వేళకు కారులో ఉండటం, చెవులకు హెడ్‌ఫోన్లు, భోజనం ఇంటి నుంచి. బంధువులు ఏమనుకుంటారన్నది పక్కన పెట్టగలిగితే సగం పని అయినట్టే, ఆ సగమే అన్నిటికంటే కష్టం.

చేతులు ఆడించడం, గుండ్రంగా తిరగడం, ఊగడం లాంటివి ఆపించాలని చాలామంది పట్టుబడతారు. పిల్లలు తమను తాము కుదుటపరచుకునే మార్గాలు అవి. తల గోడకు కొట్టుకోవడం లాంటి గాయమయ్యే పనులకు వేరే దారి చూపాలి. తక్కినవాటిని వదిలేయవచ్చు.

మాట దగ్గరికి వస్తే, ఇళ్ళలో జరిగే సంభాషణ చాలాసార్లు పరీక్షలా ఉంటుంది. ఇది ఏమిటి? ఏ రంగు? ఆవు ఎలా అరుస్తుంది? చెప్పు, చెప్పు. బిడ్డ దేనిని చూస్తోందో దాని గురించి ఒక చిన్న మాట చెప్పి ఆగడం ఇంతకంటే ఎక్కువ పనిచేస్తుంది. ఫ్యాన్ చూస్తుంటే 'ఫ్యాన్ తిరుగుతోంది' అంటే చాలు. ఆగడం ముఖ్యం. ఈ పిల్లల్లో చాలామందికి విన్నది లోపలికి ఇంకి జవాబు కావడానికి సమయం పడుతుంది; ఆ లోపే పెద్దవాళ్ళు ప్రశ్నను మూడుసార్లు, మూడు రకాలుగా అడిగేస్తారు.

ఇది ఊరకే చెప్పే హితవు కాదు. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో ఒక ప్రయోగం జరిగింది, 2015లో ఫలితాలు వచ్చాయి. నిపుణులు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులతో పనిచేశారు. బిడ్డతో ఆడుతున్నప్పుడు తీసిన వీడియోను తల్లిదండ్రులకే చూపించి, బిడ్డ ఎక్కడ పలకరించిందో, వారు ఎక్కడ దాన్ని గమనించకుండా దాటిపోయారో మాట్లాడారు. తల్లిదండ్రులు బిడ్డ లయకు తగ్గట్టు స్పందించడం పెరిగింది. బిడ్డలు తామంతట తాము పలకరించడం కూడా పెరిగింది. నిపుణులు నగరాలకే పరిమితమైన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

విన్నమాటను అలాగే తిప్పి అనడం మరో తలనొప్పిగా కనిపిస్తుంది. 'నీళ్ళు కావాలా నాన్నా?' అని అమ్మ రోజూ అడుగుతుంది. దాహం వేసినప్పుడు పిల్లవాడు అమ్మ దగ్గరికి వచ్చి 'నీళ్ళు కావాలా నాన్నా?' అంటాడు. ఎకోలాలియా అనే ఈ అలవాటును ఒకప్పుడు అర్థంలేనిదిగా చూసి మాన్పించేవారు. నిజానికి అది అడగడమే. నీళ్ళు ఇస్తూ 'నాకు నీళ్ళు కావాలి' అని వాడి తరఫున ఒకసారి అంటే సరిపోతుంది. కార్టూన్‌లోని ఒక వాక్యాన్ని భయం వేసినప్పుడల్లా అనే పిల్ల కూడా ఉంటుంది. ఆ వాక్యం ఏ సన్నివేశంలోదో తెలిసిన అమ్మకు మాత్రమే దాని అర్థం తెలుస్తుంది. థెరపిస్టుకు ఈ సమాచారం అమ్మే ఇవ్వాలి.

మాట ఆలస్యమైన కుటుంబాలకు హైదరాబాద్‌లోనూ డల్లాస్‌లోనూ ఒకే సలహా వినిపిస్తుంది: ఇంట్లో రెండు భాషలు వద్దు, ఒక్క భాషే మాట్లాడండి. బడి ఇంగ్లిష్‌లో, థెరపీ ఇంగ్లిష్‌లో కాబట్టి ఆ ఒక్క భాష ఇంగ్లిషే అవుతుంది, తెలుగు ఇంట్లోంచి వెళ్ళిపోతుంది. ఈ సలహాకు ఆధారం లేదు. రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లలు ఆ కారణంగా ఒకే భాషలో పెరిగినవారి కంటే వెనకబడినట్టు పరిశోధనల్లో తేలలేదు. నష్టం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. నాయనమ్మకు మనవడితో మాట్లాడే భాష పోతుంది. పట్టిపట్టి ఇంగ్లిష్ మాట్లాడే తల్లి రంగులు, జంతువుల పేర్లు చెప్పగలదు గానీ లాలించలేదు, కథ చెప్పలేదు, ఆటపట్టించలేదు. బిడ్డకు కావలసింది ఎక్కువ సంభాషణ అయినప్పుడు, సంభాషణ సహజంగా వచ్చే భాషనే తీసేయడం ఎక్కడి వైద్యం? అమెరికాలో ఉన్నవారికి ఒక వెసులుబాటు కూడా ఉంది. మూడేళ్ళ దాకా రాష్ట్రాల సత్వర సేవలు, తరువాత బడి ఇచ్చే వ్యక్తిగత విద్యా ప్రణాళిక చట్టబద్ధమైన హక్కులు. ఆ ప్రణాళిక సమావేశంలో తల్లిదండ్రులకు అర్థమయ్యేలా దుభాషిని ఏర్పాటు చేయాల్సిన బాధ్యత బడిదే.

కొందరు పిల్లలకు మాట ఎప్పటికీ రాకపోవచ్చు, లేదా చాలా కొద్దిగా రావచ్చు. వారికి బొమ్మల కార్డులు, బొమ్మ నొక్కితే పలికే ట్యాబ్లెట్ ఇవ్వమంటే తల్లిదండ్రులు వెనకాడతారు, అది ఇస్తే ఇక నోరు తెరవడేమోనని. ఇప్పటిదాకా జరిగిన అధ్యయనాలు దీనికి విరుద్ధంగా ఉన్నాయి: ఉన్న మాట తగ్గదు, చాలామందిలో కొంత పెరుగుతుంది కూడా. అడిగే దారి దొరికిన బిడ్డలో కొట్టడం, కొరకడం తగ్గడం మరో లాభం. మాట కోసం ఐదేళ్ళు ఎదురుచూసి ఆ తరువాత కార్డులు ఇవ్వడం తలకిందుల వరుస.

ఇంకో విషయం మర్యాద కోసం దాచకూడనిది. ఈ పిల్లల్లో చాలామంది చెప్పకుండా ఇంట్లోంచి వెళ్ళిపోతారు, నీటి వైపు ఆకర్షితులవుతారు. సంపు మూతకు తాళం, మేడ మెట్లకు గేటు, పల్లెల్లో బావికి కంచె, చేతికి ఫోన్ నంబరున్న పట్టీ, వీలైనంత చిన్న వయసులో ఈత. థెరపీ కంటే ముందు చేయాల్సిన పనులివి. మూర్ఛ, నిద్రలేమి, మలబద్ధకం కూడా ఈ పిల్లల్లో ఎక్కువ. కారణం తెలియని కోపం వెనక కొన్నిసార్లు కడుపునొప్పో పంటినొప్పో ఉంటుంది.

థెరపీ బజారు

స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ప్రవర్తనా శిక్షణ, ప్రత్యేక విద్య. వీటన్నిటికీ స్థానం ఉంది, అన్నీ ప్రతి బిడ్డకూ అక్కర్లేదు. గంటల లెక్కన డబ్బు కట్టే చోట ఎక్కువ గంటలు మంచివన్న భావన పాతుకుపోయింది. వారానికి 40 గంటల లెక్క అమెరికాలో ఇవార్ లోవాస్ 1987లో ప్రచురించిన ప్రయోగం నుంచి వచ్చింది. తీవ్ర శిక్షణ పొందిన పిల్లలు ఆ ప్రయోగంలో 19 మంది. తొడ మీద చరచడం లాంటి శిక్షలు కూడా ఆ పద్ధతిలో భాగం. తరువాతి తరం ప్రవర్తనా శిక్షణ చాలా మెత్తబడింది. అయినా చిన్నతనంలో దాని గుండా వెళ్ళి పెద్దవారైన ఆటిస్టిక్ మనుషులు చేసే విమర్శ వినదగినది: కళ్ళలోకి చూడమని, చేతులు కదపవద్దని నేర్పించడం ఎవరి సౌకర్యం కోసం? 2012లో డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ సామాజిక శాస్త్రవేత్త ఇంకాస్త ముందుకు వెళ్ళాడు. ఆటిజం ఉన్నవారికి ఇతరుల మనసు అర్థం కాదని అంటున్నారు, ఇతరులకు మాత్రం వారి మనసు అర్థమవుతోందా, లోపం రెండు వైపులా ఉంది కదా అన్నాడు.

సెంటర్‌ను ఎంచుకోవడానికి బోర్డు మీది పట్టాల కంటే ఉపయోగపడే పరీక్ష ఒకటుంది. లోపల ఏం జరుగుతోందో తల్లిదండ్రులను చూడనిస్తారా? 45 నిమిషాలు తలుపు మూసి, చివర్లో 'బాగా చేశాడు' అని పంపేచోట బిడ్డకు ఏం వచ్చినా ఆ గదిలోనే ఆగిపోతుంది. మాటలు తెప్పిస్తామని, ఆరు నెలల్లో మామూలు బడికి పంపిస్తామని గ్యారంటీ ఇచ్చేచోటి నుంచి వెంటనే లేచి రావాలి.

అలాంటి గ్యారంటీల్లో అత్యంత ఖరీదైనది మూలకణ చికిత్స. ఆటిజానికి దాన్ని సిఫారసు చేయడం లేదని, ఇవ్వడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని జాతీయ వైద్య కమిషన్ నీతి విభాగం 2022లో తేల్చింది. ఒంట్లోని లోహాలు తీసేస్తామనే కీలేషన్ వల్ల 2005లో అమెరికాలో ఒక బాలుడు చనిపోయాడు. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ అనే మందులు తీవ్రమైన కోపం, తనను తాను గాయపరచుకోవడం తగ్గించడానికే. ఆటిజానికి మందులు కావు. పాలు, గోధుమలు మాన్పించే ఆహార నియమానికి ఆధారం బలహీనం. పెరుగన్నం తప్ప వేరేదేదీ ముట్టని బిడ్డకు పెరుగు మాన్పిస్తే మిగిలేది తెల్లన్నం.

కాగితాలు, బడి, ఆ పైన

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటైంది. తీవ్రతను కొలవడానికి వాడే భారతీయ ప్రమాణం, 40 అంశాలు, 200 మార్కుల ఐఎస్ఏఏ, సికింద్రాబాద్ బోయినపల్లిలో మేధోవైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థలో తయారైంది. 1984లో మొదలైన ఆ సంస్థ పేరు ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. తెలుగు రాష్ట్రాల్లో ధ్రువపత్రం సదరం ద్వారా వస్తుంది. 40 శాతం లేదా ఆ పైన ఉంటే పింఛను, రిజర్వేషన్, పన్ను మినహాయింపు లాంటివి తెరుచుకుంటాయి. పెళ్ళిసంబంధాలప్పుడు ఇబ్బంది అవుతుందని, తోబుట్టువుల మీద పడుతుందని కాగితం తీసుకోని కుటుంబాలు తక్కువేమీ కాదు. నేషనల్ ట్రస్ట్ నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వచ్చే ఆరోగ్య బీమా థెరపీ ఖర్చులకూ వర్తిస్తుంది. కాగితం లేకపోతే అదీ లేదు.

బడిలో మళ్ళీ మాటే కొలబద్ద అవుతుంది, ఈసారి తిరగేసి. మాట్లాడని పిల్లను చేర్చుకోరు. బాగా మాట్లాడి మార్కులు తెచ్చుకునే పిల్లకు సాయం అక్కర్లేదంటారు. ఈ రెండో కోవలో ఆడపిల్లలు ఎక్కువ. ఎదుటివారి హావభావాలను చూసి అనుకరిస్తూ రోజంతా నెట్టుకొచ్చి, ఇంటికొచ్చాక కుప్పకూలుతారు. నిర్ధారణ అయినవారిలో నలుగురు మగపిల్లలకు ఒక ఆడపిల్ల అని చెప్పే పాత లెక్క, జాగ్రత్తగా వెతికిన అధ్యయనాల్లో మూడుకు ఒకటి దగ్గరికి వచ్చింది. విరామంలో ఒంటరిగా ఉండే పిల్ల, పాఠంలో ఒక్క విషయాన్నే పట్టుకొని వదలని పిల్లవాడు, గ్రూప్ వర్క్ అనగానే కడుపునొప్పి అనేవారు టీచరు కంటపడాలి. కొత్తగా కట్టాల్సింది ఏమీ లేదు. రోజు వరుస బోర్డు మీద రాసి ఉంచడం, మార్పు ఉంటే ముందే చెప్పడం, సూచన ఒక్కొక్కటిగా ఇవ్వడం, గంట మోగే స్పీకరు కింద కూర్చోబెట్టకపోవడం చాలు.

చట్టం కాగితం మీద గట్టిగానే ఉంది. 40 శాతం దాటిన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. ప్రాథమిక స్థాయిలో అలాంటి 10 మంది పిల్లలకు, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని కేంద్రం ప్రమాణం నిర్ణయించింది. ప్రభుత్వ బడుల పిల్లలకు భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడి రిసోర్స్ పర్సన్లు ఒప్పంద పద్ధతిలో పనిచేసేవారు. ప్రైవేటు బడుల్లో చేర్చుకోవడానికి షరతుగా తల్లిదండ్రులే జీతమిచ్చి, తరగతిలో బిడ్డ పక్కనే ఉండే షాడో టీచరును పెట్టుకోమనడం మామూలైంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టేవారు, సీబీఎస్‌ఈలో రెండు భాషలకు బదులు ఒకటి రాసే వీలు లాంటివి అడిగినవారికి దొరుకుతాయి, పదో తరగతి చివర్లో కాకుండా తొమ్మిదిలోనే అడగాలి.

పెద్దయ్యాక ఏమవుతారన్న ప్రశ్నకు కానర్ పత్రంలోని మొదటి బాలుడి జీవితం ఒక జవాబు. మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో డొనాల్డ్ ట్రిప్లెట్ 1933లో పుట్టాడు. కాలేజీ చదివాడు, తన కుటుంబానికి సంబంధమున్న బ్యాంకులో దశాబ్దాలు పనిచేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ళ వయసులో పోయాడు. ఆటిజం పోలేదు. ఊరు ఆయన తీరుకు అలవాటు పడింది. డబ్బున్న కుటుంబం కావడమూ అందులో పెద్ద భాగమే, దాన్ని కప్పిపుచ్చకూడదు.

మన దగ్గర 18 ఏళ్ళ తరువాతి సేవలే అన్నిటికంటే పలచన. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం దివ్యాంగ రిజర్వేషన్‌లో ఒక శాతం ఆటిజం, మేధోవైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారందరికీ కలిపి. 18 నిండిన రోజు నుంచి తల్లిదండ్రులు తమంతట తాముగా సంరక్షకులు కారు. బ్యాంకులోనూ ఆస్పత్రిలోనూ ఆ సంగతి హఠాత్తుగా తెలుస్తుంది. తన వ్యవహారాలు చూసుకోలేని స్థితి ఉంటే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. చూసుకోగలిగినవారి విషయంలో సంరక్షకుడు అవసరమా, బ్యాంకులో పక్కన ఒకరు తోడుంటే సరిపోతుందా అన్నది ముందుగా ఆ మనిషినే అడగాలి, మాటతోనైనా, ట్యాబ్లెట్ మీదనైనా.